ఒంటిగంటకి రమ్మంటే

మా ఇంట్లో పొద్దున్న ఏడింటిని ఒంటిగంట అంటాం. "మీ మావగారు ఒంటిగంటకే బీచికి నడకకి వెళ్లిపోతారమ్మా" అని అమ్మ చెప్పినప్పుడు, కొత్తగా కాపరానికి వచ్చిన మా మరదలు పైకేమీ అనలేదు గానీ లోపల చాలా కంగారుపడిందట. వైశాఖమాసంలో మిట్టమధ్యాహ్నం ఆర్కే బీచిలో నడిచే మనిషిని గురించి ఎవరైనా కంగారుపడాల్సిందే. నాలుగు రోజులాగి తమ్ముణ్ణి అడిగితే వాడు నవ్వి, అక్కనడుగు, కథంతా అది చెప్తుంది అన్నాడు. అలా ఆ పిల్లకి చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

2007లో నేను డిగ్రీ రెండో సంవత్సరం. మా ఇల్లు విశాఖపట్నం పెదవాల్తేరులో, కరకచెట్టు పోలమాంబ గుడికి నాలుగు వీధుల అవతల. కింద మేం ఉండేవాళ్లం. మేడమీద రెండు గదులు, ఒక వంటిల్లు, రేకుల షెడ్డు కలిపి ఒక వాటా. అది ఆ ఏడు వేసవి నుంచీ ఖాళీగా పడి ఉంది. నాన్న పోర్టులో టాలీ క్లర్కు. ఓడలోంచి దిగే సరుకుని, ఎక్కే సరుకుని లెక్క రాసుకునే ఉద్యోగం. యూనివర్సిటీ ఆఫీసులో పనిచేసే ఆయన స్నేహితుడు ఒకరోజు ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకొచ్చాడు. ఇథియోపియా వాళ్లు. అక్కడ కాలేజీల్లో పాఠాలు చెప్పుకునేవాళ్లట, ఆంధ్రా యూనివర్సిటీలో (ఏయూ) పీహెచ్‌డీకి వచ్చారు. ఇద్దరిలో ఒకతను మా గుమ్మంలోకి తలొంచుకుని రావాల్సినంత పొడుగు.

నాన్న వెంటనే సరే అనలేదు. ఓడల మీదికెక్కి గ్రీకులతో, ఫిలిప్పీన్సు వాళ్లతో వచ్చీరాని ఇంగ్లీషులో రోజూ మాట్లాడే మనిషే. "ఓడలో మనిషి నాలుగు రోజుల్లో వెళ్లిపోతాడే, మేడమీద మనిషి ఉండిపోతాడు" అని అమ్మతో అన్నాడు. వీధిలో అప్పుడే మాటలు మొదలయ్యాయి. ఎదురింటి ఆవిడ మా అమ్మని పక్కకి పిలిచి, ఇంట్లో ఆడపిల్ల ఉంది చూసుకోండి అంది. ఆ ఆడపిల్లని నేనే. ఒక్క చివరింటి తాతగారు మాత్రం, ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్నప్పుడు రష్యావాళ్లు పెళ్లాంబిడ్డల్తో వచ్చి మనూళ్లో ఉండలేదుటయ్యా, అప్పుడేమైంది మనకి అన్నాడు. దానికి ఎవరో, వాళ్లు తెల్లవాళ్లు కదండీ అన్నారు. అందరూ మనసులో అనుకుంటున్న మాట అలా బయటపడిపోయింది.

చివరికి తేల్చింది నానమ్మ. ఆవిడది భీమిలి పక్క పల్లె. చదువు లేదు. "వాళ్లు ఏ దేవుడికి మొక్కుతారో అడుగు" అంది. నాన్న అడిగాడు. ఆర్థడాక్స్ క్రైస్తవులట, బుధవారం, శుక్రవారం మాంసం, గుడ్లు, పాలు ముట్టరట. అప్పన్న పేరు చెప్పి శనివారం నీసు మానేసే మనిషికి ఇంతకన్నా వేరే పూచీ అక్కర్లేకపోయింది. "వారానికి రెండ్రోజులు ఉపాసం ఉండేవోడు మనింట్లో ఏటి దొంగతనం సేస్తాడ్రా, ఇచ్చీ" అంది. నాన్న మూడు నెలల అడ్వాన్సు తీసుకుని తాళం ఇచ్చాడు. మామూలుగా మేం తీసుకునేది రెండు నెలలే. ఆ మూడో నెల సంగతి ఇప్పుడు తల్చుకుంటే నాన్న మొహం పక్కకి తిప్పుకుంటాడు.

నేనేదో మంచిదాన్నని కాదు. వాళ్లొచ్చిన రెండో వారంలో ఏయూ అవుట్ గేటు దగ్గర పొడుగాయన నన్ను చూసి చెయ్యూపాడు. నా పక్కన ఇద్దరు క్లాసుమేట్లు ఉన్నారు. నేను చూడనట్టు సంచిలో ఏదో వెతుక్కుంటూ నిలబడ్డాను. ఆయన చెయ్యి దించేసి రోడ్డు దాటి వెళ్లిపోయాడు. సాయంత్రం ఇంటి దగ్గర ఎదురుపడితే ఎప్పట్లాగే నవ్వాడు. అది నాకు ఇంకా కష్టంగా అనిపించింది.

ఇలా రెండు నెలలు మెట్ల దగ్గర నమస్కారాలతోనే గడిచిపోయాయి. పైనుంచి ఉల్లిపాయలు వేగుతున్న వాసన గంటలకొద్దీ వచ్చేది. ఆ ఇద్దరూ ఒక కూరకి అన్ని ఉల్లిపాయలు ఏం చేస్తున్నారో అమ్మకి అంతుబట్టేది కాదు.

సెప్టెంబరు 12, బుధవారం సాయంత్రం ఇద్దరూ ఇస్త్రీ చొక్కాలు వేసుకుని, బిస్కెట్ ప్యాకెట్లు పట్టుకుని కిందికి దిగారు. ఆ రోజు వాళ్లకి కొత్త సంవత్సరమట. అంతేకాదు, 2000వ సంవత్సరం అప్పుడే మొదలైందట! మిగతా ప్రపంచమంతా ఎప్పుడో ఏడేళ్ల కిందట చేసేసుకున్న సంబరం వాళ్ల దేశంలో ఇప్పుడు జరుగుతోంది. నాన్న రెండుసార్లు అడిగి రూఢి చేసుకున్నాడు. వాళ్ల పంచాంగం వేరు. ఏడాదికి పదమూడు నెలలు. పన్నెండు నెలలకి ముప్ఫయ్యేసి రోజులు, మిగిలిన అయిదో ఆరో రోజులు పదమూడో నెల.

నేను ఇదంతా తెలుగులో చెప్తే నానమ్మ ఆశ్చర్యపోతుందనుకున్నాను. "మనకీ మొన్న రెండు జ్యేష్ఠాలు రాలేదేటి?" అంది. నిజమే, ఆ ఏడు అధిక జ్యేష్ఠం వచ్చింది. తర్వాత కాసేపు వేళ్లు లెక్కపెట్టుకుని, "అయితే వాళ్ల లెక్కలో నాకు ఏడేళ్లు తగ్గుతాయా?" అని అడిగింది. పొడుగాయనకి అది ఇంగ్లీషులోకి మార్చి చెప్పడానికి నేను పడ్డ పాట్లు చూడాలి. అర్థమయ్యాక ఆయన మోకాళ్ల మీద చేతులు కొట్టుకుంటూ నవ్వాడు. ఆ ఇంట్లో ఆయన అలా గొంతెత్తి నవ్వడం అదే మొదలు.

పండగ బుధవారం పడింది కాబట్టి వాళ్లకి మాంసం లేదు. శనివారం మాకు వినాయక చవితి. అందుకని ఆదివారం అందరం కలిసి మా కింద హాల్లో భోంచేద్దామని నాన్న అన్నాడు. కోడికూర వాళ్లు చేస్తారు, మిగతావి మేం. వాళ్ల స్నేహితులు ఇద్దరు ముగ్గురు ఉంటే వాళ్లనీ రమ్మన్నాడు. ఎన్నింటికి అంటే, "ఒంటిగంటకి" అని నాన్న వేలు కూడా చూపించాడు.

ఆదివారం పొద్దున్న నేను లేచేసరికి ఏడున్నర దాటింది. చవితినాటి అలసట. పెరట్లోంచి నానమ్మ మాటలు వినిపిస్తున్నాయి. పాలవాడితో అనుకున్నాను. పళ్లు తోముకుంటూ వెళ్లి చూద్దును కదా, పెరటి అరుగు మీద ముక్కాలిపీట వేసుకుని ఒక కొత్త మనిషి కూర్చున్నాడు. సన్నగా, ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లు ఉంటాయి. తెల్లచొక్కా, మెడకి టై, మెరిసిపోతున్న బూట్లు పక్కన విప్పి ఉన్నాయి. చేతిలో చాకు. ముందు బేసిన్లో వెల్లుల్లి రెబ్బలు. పక్కనే నానమ్మ. ఆవిడ తెలుగులో ఏదో అడుగుతోంది, అతను తన భాషలో ఏదో జవాబు చెప్తున్నాడు. ఇద్దరికీ ఏ ఇబ్బందీ ఉన్నట్టు లేదు.

"ఎవరే?" అన్నాను.

"పైవోళ్ల సుట్టం. ముగ్గేస్తన్నాను, ఒచ్చి నిలబడ్డాడు. పైన తాళం ఉన్నాది. నిలబెట్టీలేం కదా" అంది నానమ్మ.

జరిగింది ఏమిటంటే, ఇతను ఆ వారమే దిగాడు. మద్దిలపాలెంలో ఎవరి గదిలోనో ఉంటున్నాడు. పొడుగాయన ముందురోజు ఫోన్ చేసి వాళ్ల భాషలో ఆదివారం ఒంటిగంటకి రమ్మని అడ్రసు చెప్పాడు. రెండు నెలలుగా ఇక్కడే ఉన్నాడు కాబట్టి ఆయన చెప్పింది మన ఒంటిగంట. కొత్తబ్బాయికి వినిపించింది వాళ్ల ఒంటిగంట. ఇథియోపియాలో గడియారం పొద్దు పొడిచినప్పట్నుంచి మొదలవుతుంది. మనకి ఏడు అంటే వాళ్లకి ఒకటి. మన మధ్యాహ్నం పన్నెండు వాళ్లకి ఆరు. భూమధ్యరేఖకి దగ్గరి దేశం, ఏడాది పొడుగునా ఇంచుమించు ఒకే వేళకి తెల్లారుతుంది, లెక్క అలా పెట్టుకున్నా ఇబ్బంది లేదు. పాపం టై కట్టుకుని, ఒంటిగంటకి ఒక్క నిమిషం అటూ ఇటూ కాకుండా వచ్చాడు. పైనున్న ఇద్దరూ అదే వేళకి ఎంవీపీ కాలనీ రైతుబజారులో ఉల్లిపాయలు బేరం చేస్తున్నారు.

తర్వాత ఈ లెక్క నానమ్మకి చెప్తే ఆవిడ నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. "పొద్దు పొడిస్తే కదే రోజు మొదలు? జాముపొద్దెక్కింది అంటే ఎప్పట్నుంచి ఎక్కింది మరి? రేత్రి పన్నెండింటికి తారీకు మార్చడం మీ సదువులోనే ఉన్నాది" అంది. నా దగ్గర జవాబు లేదు.

అతను రాగానే నానమ్మ చేసిన మొదటి పని, తను తాగబోతున్న చోడంబలిలో, అంటే రాగి అంబలిలో, సగం గ్లాసులో పోసి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ పక్కన పెట్టి ఇవ్వడం. మిగతా ఇళ్లల్లో అప్పటికే పొద్దున్నే కాఫీలు, ఇడ్లీలు వచ్చేశాయి గానీ ఆవిడ చచ్చేదాకా అంబలి మానలేదు. మేం వీధిలో ఎవరైనా వస్తుంటే ఆ గిన్నె మీద మూత పెట్టేసేవాళ్లం. అంబలి తాగే ఇల్లు అనుకుంటారని. అతను ఒక గుక్క తాగి ఆగిపోయాడట. నచ్చలేదేమో అని నానమ్మ గ్లాసు తీసుకోబోతే ఇవ్వలేదట. "డాగుసా, డాగుసా" అన్నాడట. నానమ్మకి అది అతని పేరనిపించింది. నేను వెళ్లేసరికి "డాగుసా బాబూ" అని పిలుస్తోంది.

నేను ఇంగ్లీషులో అడిగితే అప్పుడు తేలింది. డాగుసా అంటే చోళ్లు! వాళ్లమ్మ దాంతో రొట్టె చేస్తుందట. నానమ్మ లోపలికి వెళ్లి డబ్బాలోంచి గుప్పెడు చోళ్లు తెచ్చి చూపించింది. అతను అరచేతిలో పోసుకుని వేలితో కదుపుతూ చాలాసేపు చూశాడు. ఇల్లు వదిలి అయిదో రోజో, ఆరో రోజో అయి ఉంటుంది. చోళ్ల పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా మెరక ప్రాంతాలేననీ, వేల ఏళ్ల కిందట అక్కడి నుంచే మన దేశానికి వచ్చాయనీ నాకు చాలా తర్వాత ఎక్కడో చదివితే తెలిసింది. ఆ రోజు మాత్రం నేను మూత పెట్టి దాచే గిన్నెని ఒక టై కట్టుకున్నాయన ఖాళీ చేసి, ఇంకొంచెం ఉందా అన్నట్టు చూడటం నా కళ్లముందే జరిగింది.

పైవాళ్లు ఎనిమిదిన్నరకి సంచుల్తో వచ్చి, వెల్లుల్లి ఒలుస్తున్న స్నేహితుణ్ణి చూసి మెట్ల మీదే కూలబడి నవ్వారు. అప్పట్నుంచీ అతను మా ఇంట్లో ఒంటిగంట బాబు. అసలు పేరు నానమ్మకి చివరిదాకా నోరు తిరగలేదు. నేనూ ఇక్కడ రాయడం లేదు.

ఆ పూట వంటంతా రెండు వంటిళ్ల మధ్య మెట్ల మీద జరిగింది. ఉల్లిపాయల రహస్యం అమ్మకి అప్పుడు తెలిసింది. రెండు కేజీల ఉల్లిపాయలు సన్నగా తరిగి, నూనె లేకుండా వట్టి గిన్నెలో, సన్నటి సెగమీద గంటకి పైగా వేపాడు పొడుగాయన. అవి ముద్దయిపోయాక మసాలా నెయ్యి, ఊర్నుంచి తెచ్చుకున్న ఎర్రటి కారం వేశాడు. అమ్మ ఆ కారం వాసన చూసి, "మెంతులు తగుల్తున్నాయి, ఏలకులు కూడా" అంది. ఆయన బొటనవేలెత్తి చూపించాడు. తర్వాత కోడి, ఆఖర్న ఉడకబెట్టిన గుడ్లు కొయ్యకుండా అలాగే. మా అమ్మ పులిహోర, గుమ్మడికాయ బెల్లం పులుసు, వడియాలు. ముందురోజు ఉండ్రాళ్లు ఎలాగూ ఉన్నాయి. పక్కింటి రైల్వే బెంగాలీ ఆవిడ గోడమీంచి ఎంతమందొచ్చారని రెండుసార్లు వాకబు చేసి, మూడోసారి పాయేష్ గిన్నెతో తనే వచ్చేసింది.

మధ్యాహ్నానికి వాళ్ల స్నేహితురాలు వచ్చింది. ఏయూ హాస్టల్లో ఉండే అమ్మాయి. తెల్లటి నూలు గౌను, అంచుకి రంగుల నేత, భుజాల మీంచి అదే రకం పల్చటి తెల్లచీర ముక్కలాంటి బట్ట. జుట్టు నెత్తికి అంటుకునేలా సన్నసన్న పాయలుగా అల్లుకుంది. నానమ్మ ముందు ఆ బట్ట కొసని వేళ్ల మధ్య నలిపి చూసింది. "పొందూరు బట్టలాగున్నాది. సేత్తో వడికిందే" అని తేల్చింది. నిజంగా చేత్తో వడికిందేనట, వాళ్ల నాయనమ్మ వడికిందట. ఆ అమ్మాయి వంగి నానమ్మని "ఎమామ" అని పిలిచింది. పెద్దావిణ్ణి వాళ్లు అలాగే పిలుస్తారు. నానమ్మకి అది "మామ్మ" అని వినబడింది. "సూసినావా, వచ్చి గంట కాలేదు, తెలుగొచ్చీసింది పిల్లకి" అని అమ్మతో అంటుంటే ఎవరం సరిదిద్దలేదు.

ఇక భోజనాల దగ్గర అసలు చిక్కు వచ్చింది. వాళ్లు తెచ్చుకున్న టెఫ్ అనే చిరుధాన్యం పిండిలో మా చోడిపిండి కలిపి, రెండ్రోజులు పులియబెట్టి చేసిన పెద్దపెద్ద ఇంజెరాలు. మా అట్టులాగే కంతలు కంతలుగా ఉన్నాయి, కానీ మెత్తగా, బాగా పుల్లగా. వాటిని ఒకే పెద్ద పళ్లెంలో పరిచి, మీద కూర పోసి, చుట్టూ కూర్చుని అందరూ అందులోనే తుంచుకు తింటారు. ఒకే పళ్లెం! మా హాల్లో ఒక్క క్షణం గాలి ఆగిపోయినట్టయింది. ఎంగిలి అనే మాట ఎవరూ పైకి అనలేదు. అమ్మ చప్పుడు చేయకుండా లోపలికి వెళ్లి అరిటాకులు తెచ్చి, ఎవరికి కావాలంటే వాళ్లకి వేసింది. నానమ్మ తన ఆకు ముందు కూర్చుంది. బెంగాలీ ఆవిడ కూడా. నేను, తమ్ముడు పళ్లెం దగ్గరికి జరిగాం. నాన్న ఎటూ తేల్చుకోలేక మధ్యలో నిలబడ్డాడు.

అప్పుడు పొడుగాయన ఇంజెరా ముక్క తుంచి, అందులో కోడిముక్క, సగం గుడ్డు చుట్టి, పెద్ద ముద్ద చేసి, లేచి నాన్న నోటి దగ్గర పెట్టాడు. గుర్షా అంటారట. ఇంటాయనకి చేత్తో పెట్టడం వాళ్లలో మర్యాద, ముద్ద ఎంత పెద్దదైతే అంత ప్రేమట. నలభై ఎనిమిదేళ్ల మా నాన్న నోరు తెరిచాడు. ఆ ముద్ద పట్టక బుగ్గలు ఉబ్బిపోయి, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కారం వల్లే అని ఇప్పటికీ అంటాడు. నానమ్మ ఆకు ముందు నుంచి చూస్తూ, "వీడికి గోరుముద్ద పెట్టి నలభై ఏళ్లయింది" అంది. ఒక్క ముద్దతో ఆపకూడదట. రెండోది కూడా పెట్టాడు. తర్వాత నాన్న పళ్లెం దగ్గరే కూర్చున్నాడు.

నానమ్మ మాత్రం ఆ పళ్లెంలో తినలేదు. ఆ రోజే కాదు, వాళ్లు మా ఇంట్లో ఉన్న నాలుగేళ్లలో ఎన్నోసార్లు కలిసి తిన్నాం, ఒక్కసారి కూడా తినలేదు. వాళ్లూ బలవంతం చేయలేదు. ఆవిడకి ఇంజెరా విడిగా ఆకులో వేసేవాళ్లు, అంతే.

తినడం అయ్యాక మాకు నిద్ర ముంచుకొస్తుంటే, ఆ అమ్మాయి కాఫీకి ఏర్పాట్లు మొదలెట్టింది. నేల మీద పచ్చగడ్డి పరవాలంది. గడ్డి ఎక్కడ తెస్తాం? తమ్ముడు పరుగెత్తి చవితి పూజలో మిగిలిపోయిన గరిక, పత్రి తెచ్చి గుమ్మరించాడు. దాని మీద పొడుగుమెడ నల్లమట్టి కూజా పెట్టింది, జెబెనా అంటారు. చిన్న కుంపట్లో బొగ్గుల మీద ఊర్నుంచి తెచ్చుకున్న సాంబ్రాణిలాంటి ముక్కలు వేసింది. ఇల్లంతా శుక్రవారం సాయంత్రం వాసన వచ్చింది.

గింజలు మావి. అరకు నుంచి బాబాయి ఎప్పుడో తెచ్చి ఇచ్చిన పచ్చి కాఫీ గింజలు, ఏం చేసుకోవాలో తెలియక అటకమీద పడి ఉన్నాయి. ఇప్పుడంటే అరకు కాఫీ అంటే ఊళ్లో షోరూములు ఉన్నాయి, 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అప్పట్లో మాకు కాఫీ అంటే కొట్లో కొన్న పొడి, పాలు. ఆ అమ్మాయి గింజల్ని కడిగి, మూకుట్లో మా ముందే వేపింది. పొగలొస్తున్న మూకుణ్ణి పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ తెచ్చింది. చేత్తో ఆ పొగ మొహం మీదికి తోసుకుని వాసన చూడాలి. మా నానమ్మ హారతి కళ్లకద్దుకున్నట్టు అద్దుకుంది. ఎవరూ నవ్వలేదు. తర్వాత మా చిన్నరోట్లోనే దంచి, జెబెనాలో కాచి, చెవుల్లేని చిన్న కప్పుల్లో పోసింది. తోడుగా మొక్కజొన్న పేలాలు. కాఫీతో పేలాలేమిటో నాకిప్పటికీ అర్థం కాదు గానీ బాగుంటాయి.

పాలు లేవు. నానమ్మ మొదటి గుక్కకి మొహం చిట్లించి, నాలుగు చెంచాల పంచదార వేసుకుంది. ఒక కప్పు తాగి లేవబోతే కూర్చోమన్నారు. మూడు విడతలు తాగాలట. మొదటిది అబోల్, రెండోది టోనా, మూడోది బరకా. అదే పొడిలో నీళ్లు పోసి మళ్లీ కాస్తారు, ప్రతిసారీ పల్చబడుతుంది. మూడోది తాగకుండా వెళ్తే దీవెన వదిలేసి వెళ్లినట్టట. ఇంతా చేసి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటల్లోనే మాటలన్నీ జరిగాయి. తమ్ముడు అయిదో తరగతి నోటుపుస్తకం తెచ్చి తన పేరు వాళ్ల లిపిలో రాయమన్నాడు. పొడుగాయన రాసి, కింద ఒకే అక్షరాన్ని ఏడు రకాలుగా రాసి చదివాడు. లె, లు, లీ, లా, లే, ల్, లో. తమ్ముడు ఎగిరి గంతేశాడు. "అక్కా, గుణింతం! వీళ్లకీ గుణింతం ఉంది!" హోంవర్కు తప్పించుకోలేని పిల్లలు అక్కడ కూడా ఉన్నారని వాడి సంతోషం.

ఆ సందట్లో నేను పొడుగాయనతో అవుట్ గేటు సంగతి చెబుదామనుకున్నాను. క్షమించమని ఇంగ్లీషులో వాక్యం కూడా మనసులో కూర్చుకున్నాను. చెప్పలేకపోయాను. మర్నాడు కాలేజీ నుంచి వస్తుంటే ఆయన సిరిపురం వైపు నుంచి నడిచొస్తూ కనబడ్డాడు. ఈసారి చెయ్యి నేనే ముందు ఊపాను, కొంచెం గట్టిగానే. పక్కనున్న పిల్లలు తిరిగి చూశారు.

2011లో ఒకరి తర్వాత ఒకరు వెళ్లిపోయారు. అప్పటికి నానమ్మ సరే అనడానికి "ఇషీ" అనేది, వాళ్ల మాటే. ఆ అమ్మాయి నా జుట్టు రెండుసార్లు వాళ్లలాగా అల్లింది, నాలుగు గంటలు కదలకుండా కూర్చున్నాను. నానమ్మ ఆమె తలకి కొబ్బరినూనె పట్టించింది. జెబెనా మాకు వదిలేసి వెళ్లారు. నానమ్మ 2013లో పోయింది. మరుసటి ఏడు అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మేడమీది రేకులన్నీ ఎగిరిపోయాయి, కిటికీ అద్దాలు పగిలాయి. అలమరలో జెబెనాకి ఏమీ కాలేదు. అయిదారు రోజులు కరెంటు లేదు, ఫోన్లు లేవు. సిగ్నల్ రాగానే వచ్చిపడ్డ మెసేజిల్లో మూడు ఆ దేశం నుంచి. బతికే ఉన్నారా అని.

ఒంటిగంట బాబుది మెకెలె, ఉత్తరాన టిగ్రే ప్రాంతం. 2020 నవంబరులో అక్కడ యుద్ధం మొదలైంది. ఫోన్లు, ఇంటర్నెట్ తెగిపోయాయి. మాకు అయిదారు రోజులు. వాళ్లకి ఏళ్లు. అమ్మ వారానికోసారి నా చేత నంబరు నొక్కించేది. మోగేది కాదు. 2022 నవంబరులో సంధి కుదిరిందని వార్తల్లో చదివాక కూడా మోగలేదు. నొక్కించడం మానలేదు. అడిగితే, "మోగితే మోగుతుంది" అనేది.

2023 వేసవిలో ఒక ఆదివారం తెలియని నంబరు నుంచి కాల్ వచ్చింది. మనిషి చిక్కిపోయాడు, గడ్డం నెరిసింది. ఇద్దరు పిల్లల్ని తెర ముందుకి లాగి చూపించాడు. ఏమైందో నేను అడగలేదు, అతనూ చెప్పలేదు. అమ్మ ఫోన్ లాక్కుంది. వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలు, మిగతాదంతా తెలుగు. తిన్నావా అంది. చోళ్లు దొరుకుతున్నాయా అంది. డాగుసా అనే మాట విని అతను నవ్వి, పిల్లలకి వాళ్ల భాషలో ఏదో చెప్పాడు.

"అక్కడ టైమెంతయింది బాబూ?" అంది అమ్మ. ఇక్కడ సరిగ్గా మధ్యాహ్నం పన్నెండు.

"మూడున్నర."

అమ్మ గోడ గడియారం వైపు చూసి, వేళ్లు మడిచి, మళ్లీ విప్పి, "ఏ లెక్కలో?" అంది.